సూది కిందకి పడితే సంబరపడకండి: కారు వాటర్ పంపు, నా తప్పు, మార్చే పద్ధతి

నా చేతులు చూశారా? గోళ్ళ కింద నలుపు ఇంకా పోలేదు. రెండు రోజుల నుంచి మా బాబాయి కారు దగ్గరే ఉన్నా. ఆ కారుకి వాటర్ పంపు మార్చాం. ఇవాళ ఆ పని మొత్తం చెప్తా. కానీ ముందు పోయిన ఏడాది మే నెలలో నేను చేసిన తప్పు చెప్పాలి. అది చెప్పకుండా మొదలుపెడితే మీకు స్పానర్లు గుర్తుంటాయి, అసలు సంగతి గుర్తుండదు.

మా నాన్నది పాత పెట్రోల్ కారు, 12 ఏళ్ళది. ఏ కంపెనీ అన్నది వదిలేయండి. తప్పు కారుది కాదు, నాది. ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున కారు కింద, ముందు కుడి టైరు పక్కన, అరచెయ్యంత తడి కనిపించింది. ఏసీ నీళ్ళులే అనుకున్నా. ఏసీ నీళ్ళకి రంగు ఉండదు, జిడ్డు ఉండదు. ఇది వేలికి జారుడుగా, లేత పచ్చగా ఉంది. చూశా, వేలు ప్యాంటుకి తుడుచుకున్నా, వెళ్ళిపోయా. కూలెంట్ డబ్బాలో లెవల్ తగ్గితే ఇంట్లో బోరు నీళ్ళు ఒక సీసాతో పోశా. నాన్న ఏళ్ళ తరబడి అలాగే పోసేవాడు, నేనూ పోశా. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఒక కీచు శబ్దం మొదలైంది. నేనేం చేశానో తెలుసా? పాటల సౌండ్ పెంచా.

మేలో నందిగామలో పెళ్ళి. అమ్మ, అమ్మమ్మ, నేను హైదరాబాద్‌లో బయల్దేరి విజయవాడ హైవే ఎక్కాం. నకిరేకల్ దాటాక వెనక సీట్లోంచి అమ్మమ్మ అంది, "ఒరేయ్, బెల్లం పాకం కాచినట్టు వాసన వస్తోందిరా." నేను, "పక్కన ఎక్కడో కాస్తున్నారేమోలే అమ్మమ్మా" అన్నా. మే నెల మిట్టమధ్యాహ్నం, హైవే పక్కన ఎవరు బెల్లం కాస్తారండీ?

ఐదు నిమిషాలకి టెంపరేచర్ సూది లేచింది. ఎప్పుడూ సగం దగ్గర ఉండేది, ముప్పావు దాటింది. అప్పుడే ఆపాల్సింది. సూర్యాపేట ఇంకో 20 కిలోమీటర్లే కదా, అక్కడ మెకానిక్ దొరుకుతాడు అని నడిపా. సూది ఎర్ర గీత దాకా వెళ్ళింది. ఉన్నట్టుండి గబుక్కున కిందకి పడిపోయింది. "హమ్మయ్య, చల్లబడింది" అన్నా. అమ్మ దండం కూడా పెట్టుకుంది. ఇంకో ఐదారు కిలోమీటర్లు పోయామో లేదో, పికప్ పోయింది, ఇంజిన్‌లోంచి టకటకా శబ్దం, బానెట్ అంచుల్లోంచి ఆవిరి. కారు ఆగిపోయింది.

చల్లబడలేదు ఫ్రెండ్స్. ఆ సూదికి వేడి ఎంతో చెప్పే సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటుంది. కూలెంట్ కారిపోయి లెవల్ పడిపోతే ఆ సెన్సర్ ఖాళీలో తేలుతుంది. దాన్ని తాకడానికి వేడి నీళ్ళే లేవు కాబట్టి తక్కువ చూపిస్తుంది. ఇంజిన్ మాత్రం లోపల మాడుతూనే ఉంటుంది. అందుకే బాగా లేచిన సూది ఉన్నట్టుండి పడిపోతే అది మంచి వార్త కాదు. అన్నిటికంటే చెడ్డ వార్త అదే.

పక్క దాబా నుంచి ఒకతను బకెట్‌తో నీళ్ళు తెచ్చాడు. నేను గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోయా. అప్పుడే ఒక లారీ డ్రైవర్ అరిచాడు, "తమ్ముడూ, మూత ముట్టుకోకు! ఇంజిన్ మీద నీళ్ళు పొయ్యకు!" ఆయన ఎవరో తెలీదు. నా ముఖం ఇవాళ ఇలా ఉందంటే ఆయన పుణ్యమే.

ఎందుకో చెప్తా. కూలింగ్ సిస్టమ్ అంటే ఇంట్లో కుక్కర్ లాంటిదే. మామూలు నీళ్ళు 100 డిగ్రీలకి మరుగుతాయి. రేడియేటర్ మూత లోపల స్ప్రింగ్ ఉంటుంది, అది ఒత్తిడిని ఆపి ఉంచుతుంది. ఆ ఒత్తిడి వల్ల, కలిపిన కూలెంట్ వల్ల, లోపలి నీళ్ళు 100 దాటినా మరగవు. వేడిగా ఉన్నప్పుడు మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారి పోతుంది. అప్పటిదాకా ఆగి ఉన్న నీళ్ళన్నీ ఒకేసారి మరిగి ఆవిరై ముఖం మీదకి కొడతాయి. ఆవిరి పోకుండా కుక్కర్ మూత తీస్తామా? ఇది అంతకంటే పెద్ద కుక్కర్. ఇక కాలిన ఇంజిన్ మీద చన్నీళ్ళు పోస్తే లోహం ఒక్కసారి ముడుచుకుని హెడ్డో, బ్లాకో పగలొచ్చు.

అమ్మమ్మకి షుగర్. ఆ ఎండలో రోడ్డు పక్కన తుమ్మ చెట్టు కింద రెండు గంటలు కూర్చుంది. ఒక్క మాట అనలేదు. కారు తోసుకెళ్ళే బండి వచ్చాక మేము బస్సెక్కి నందిగామ చేరేసరికి పెళ్ళి అయిపోయింది, భోజనాల చివరి బంతి నడుస్తోంది. ఆమె చేతుల మీదుగా పెరిగిన పిల్ల పెళ్ళి అది. హెడ్డు వంగింది, లేత్ షెడ్డులో ఫేసింగ్ కొట్టించాం, హెడ్ గ్యాస్కెట్ వేయించాం, పంపు మార్చాం. మొత్తం 23,000 అయింది. డబ్బు మళ్ళీ వస్తుంది. ఆ తలంబ్రాలు అమ్మమ్మకి మళ్ళీ చూపించలేను కదా.

షెడ్డులో మేస్త్రి పాత పంపు తీసి నా చేతిలో పెట్టాడు. పంపు అంటే పెద్ద మిషనేం కాదు. ఒక ఇరుసు, దానికి బేరింగ్, ఒక చివర బెల్టు తిప్పే పుల్లీ, ఇంకో చివర నీళ్ళు తోసే రెక్కల చక్రం. మధ్యలో నీళ్ళు బేరింగ్ వైపు రాకుండా ఒక సీలు. నాది చూస్తే రెక్కలు తుప్పు తిని అంచులు పలచబడి ఉన్నాయి. చుట్టూ తెల్లటి గార. "బోరు నీళ్ళు పోస్తారా బాబూ?" అన్నాడు. తలూపా. "మీ ఇంట్లో నీళ్ళు కాచే రాడ్డు చూశావా? దానికి పట్టే తెల్ల పొరే ఇది" అన్నాడు.

నాకు అప్పుడు వెలిగింది. కూలెంట్ అంటే రంగు నీళ్ళు కాదు. అందులో మరుగు స్థాయి పెంచే గ్లైకాల్ ఉంటుంది, తుప్పు ఆపే మందులు ఉంటాయి. బోరు నీళ్ళు పోసిన ప్రతిసారీ ఆ మందు పలచబడుతుంది, ఉప్పులు పెరుగుతాయి. ఆ ఉప్పులు, తుప్పు రేణువులు పంపు సీలుని గీకుతాయి. సీలు అరిగితే పంపు కింద ఉండే చిన్న కన్నంలోంచి చుక్కలు పడతాయి. ఆ కన్నం పెట్టిందే అందుకు. సీలు పోతోంది చూసుకో అని మనకి చెప్పడానికి. చుక్క ఒకసారి చెప్పింది, కీచు శబ్దం రెండోసారి, వాసన మూడోసారి, సూది నాలుగోసారి. అమ్మమ్మకి ముక్కుతో తెలిసింది కూడా నాకు కళ్ళతో తెలియలేదు. గ్లైకాల్ ఆవిరికి తియ్యటి వాసన ఉంటుంది, అదే ఆ బెల్లం పాకం.

సరే, ఇప్పుడు బాబాయి కారు. అదే మోడల్. రెండు వారాల క్రితం వాళ్ళింటికి వెళ్తే కారు కింద అదే చోట అదే తడి. చూడగానే, "బాబాయ్, ఇవాళ్టి నుంచి బండి తియ్యకు" అన్నా. పార్టులు తెచ్చి, మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని, నా చేతులతో చేశా.

ముందే ఒక మాట. పంపు అన్ని కార్లలో ఒకేలా ఉండదు. కొన్నిట్లో బయటి ఫ్యాన్ బెల్టు తిప్పుతుంది, ఆ పని కొంచెం తేలిక. కొన్నిట్లో లోపలి టైమింగ్ బెల్టు తిప్పుతుంది, మాది అదే. కొన్ని కొత్త కార్లలో కరెంటు పంపు ఉంటుంది. మీ కారు మాన్యువల్ చూడండి. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ మీద ఇది మీ మొదటి పని అయితే ఒంటరిగా చెయ్యకండి. ఆ బెల్టు ఒక్క పన్ను తప్పినా ఇంజిన్ సరిగ్గా నడవదు, బాగా తప్పితే చాలా ఇంజిన్లలో పిస్టన్ వెళ్ళి వాల్వుల్ని కొడుతుంది. అప్పుడు మన ఆదా అంతా గాల్లో కలుస్తుంది.

పని మొదలు. కారు రాత్రంతా ఆగి ఉండాలి. చేత్తో ముట్టుకుంటే ఇంజిన్ చల్లగా ఉండాలి. బ్యాటరీ మైనస్ తీశాం. ముందు కుడి వైపు జాకీతో లేపి, కింద స్టాండు పెట్టాం. జాకీ మీద నమ్మకంతో కారు కిందకి దూరకండి, అది లేపడానికే, మోయడానికి కాదు. రేడియేటర్ మూత తీసి, కింద టబ్బు పెట్టి పాత కూలెంట్ దింపాం. దాన్ని డ్రైనేజీలో పొయ్యకండి, తెరిచి వదిలెయ్యకండి. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, పిల్లులు తాగుతాయి. చిన్న పిల్లలూ తాగొచ్చు. అది విషం, కిడ్నీలు పోతాయి. క్యాన్‌లో పోసి మూత బిగించి, పాత ఆయిల్ తీసుకునే షెడ్డుకి ఇచ్చాం.

తర్వాత టైరు, బయటి బెల్టులు, కింది పుల్లీ, టైమింగ్ కవర్ తీశాం. ఇక్కడ ఫోన్ వాడండి. తీసే ప్రతి దానికీ ముందు ఒక ఫోటో. ఇంజిన్‌ని చేత్తో తిప్పి టైమింగ్ గుర్తులు రెండూ ఎదురెదురు వచ్చేలా పెట్టి, వాటి మీద వైట్‌నర్‌తో చుక్కలు పెట్టా. బెల్టు తీశాక పైదీ కిందదీ రెండూ కదపకూడదు.

పంపు బోల్టులు అన్నీ ఒకే పొడుగు ఉండవు. ఒక అట్టముక్క మీద పంపు ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టా. పొడుగుది పొట్టి కన్నంలో పెట్టి బిగిస్తే లోపల మర పోతుంది, లేదా బ్లాకు పగులుతుంది. ఈ అట్ట చిట్కా మేస్త్రిది. ఆయన చదువుకోలేదు అంటాడు కానీ ఇంత శుభ్రమైన నోట్స్ నేను కాలేజీలో కూడా రాయలేదు.

పాత పంపు వచ్చాక అది కూర్చునే చోటు శుభ్రం చెయ్యాలి. ఈ పనిలో సగం ఇదే. పాత గ్యాస్కెట్ ముక్క ఆవగింజంత మిగిలినా లీకే. అల్యూమినియం మెత్తన, స్క్రూ డ్రైవర్‌తో గీరితే గాడి పడుతుంది. ప్లాస్టిక్ ముక్కతో, చెక్క ముక్కతో ఓపిగ్గా గీరా. కన్నాల్లో గుడ్డ కుక్కా, ముక్కలు లోపలికి పోకుండా. గుడ్డ మళ్ళీ తియ్యడం మర్చిపోకండి, నవ్వకండి, ఇలాంటివి జరుగుతాయి.

ఇక్కడ నేను తిట్లు తిన్నా. కొత్త గ్యాస్కెట్‌కి రెండు వైపులా సిలికాన్ పేస్టు దట్టంగా పూశా, ఎక్కువ పూస్తే గట్టిగా ఉంటుంది కదా అని. మేస్త్రి చూసి, "ఇది ఇడ్లీ మీద నెయ్యి కాదు బాబూ" అన్నాడు. మనం బిగించినప్పుడు బయటికి ఎంత పొంగుతుందో లోపలికీ అంతే పొంగుతుంది. ఆ ముక్కలు ఊడి రేడియేటర్ సన్న గొట్టాల్లో ఇరుక్కుంటాయి. మాన్యువల్ పూయమంటే సన్న పొర, లేదంటే అసలు వద్దు. మొత్తం తుడిచి మళ్ళీ మొదలుపెట్టా. గంట పోయింది.

బోల్టులు ఎదురెదురుగా, రెండు దఫాలుగా బిగించాలి. 6 ఎం.ఎం. చిన్న బోల్టులకి సుమారు 10 న్యూటన్ మీటర్లే ఉంటుంది. అంటే మీరు అనుకునే దానికంటే చాలా తక్కువ. మీ కారు లెక్క మాన్యువల్‌లో చూసి టార్క్ రెంచ్‌తో బిగించండి.

టైమింగ్ బెల్టు, దాని టెన్షనర్ కూడా కొత్తవే వేశాం. బాబాయి, "బెల్టు బాగానే ఉందిగా" అన్నాడు. ఇంత విప్పాక పాత బెల్టు పెట్టడం ఇల్లంతా సున్నం వేసి పాత బూజు వదిలెయ్యడం లాంటిది. రేపు టెన్షనర్ పోతే ఇదంతా మళ్ళీ విప్పాలి. బెల్టు ఎక్కించాక స్పానర్‌తో ఇంజిన్‌ని చేత్తోనే రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ చూశాం. తిప్పేటప్పుడు గట్టిగా ఏదైనా తగిలితే బలవంతం చెయ్యకండి, ఆగి గుర్తులు చూడండి.

ఇప్పుడు పంపు చుట్టాలు. థర్మోస్టాట్ అని ఒక వాల్వు ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్‌కి దారి మూసి, వేడెక్కాక తెరుస్తుంది. చాలా వాటిల్లో 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలవుతుంది. అంకె దాని మీదే కొట్టి ఉంటుంది. పాతదాన్ని ఇంట్లో పరీక్షించాం. గిన్నెలో నీళ్ళు, అందులో దారంతో వేలాడదీసిన వాల్వు, పక్కన థర్మామీటర్. నీళ్ళు మరిగేదాకా తెరుచుకోలేదు. అంటే అది పోయినట్టే. పిన్ని ఆ గిన్నె ఇంక వంటకి వాడను అంది, కరెక్టే.

కొందరు ఇక్కడ ఒక సలహా ఇస్తారు, "వాల్వు తీసి పారెయ్యి, బండి చల్లగా ఉంటుంది" అని. తీస్తే ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. మైలేజీ తగ్గుతుంది, ఇంజిన్ అరుగుతుంది. పైగా అసలు జబ్బు దాక్కుంటుంది.

రేడియేటర్ మూత రబ్బరు పగిలితే మార్చేయండి, అదే నంబరు ఒత్తిడిది. హోస్ పైపులు చేత్తో నొక్కి చూడండి. మెత్తబడినా, క్లిప్పు దగ్గర ఉబ్బినా, పగుళ్ళున్నా కొత్తవి. ఏసీ వేసి రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందా చూడండి. రేడియేటర్ రెక్కల్లో దుమ్ము, పురుగులు ఉంటే ఇంజిన్ వైపు నుంచి బయటికి మెల్లగా నీళ్ళు కొట్టండి. ప్రెషర్ ఎక్కువైతే రెక్కలు వంగిపోతాయి.

లోపల శుభ్రమైన నీళ్ళు వచ్చేదాకా కడిగి, చివర డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాం. తర్వాత కూలెంట్. క్యాన్ మీద చదవండి, కొన్ని కలిపే వస్తాయి, నేరుగా పొయ్యొచ్చు. చిక్కటిది అయితే డిస్టిల్డ్ వాటర్ కలపాలి, సగం సగం మామూలుగా వాడే కొలత. రంగు చూసి కొనకండి. ఒకే రంగులో వేరే వేరే రకాలు ఉంటాయి. మాన్యువల్‌లో రాసిన రకమే కొనండి, రెండు రకాలు కలపకండి.

పోశాక చాలామంది చేసే తప్పు, వెంటనే మూత బిగించి రోడ్డెక్కడం. లోపల గాలి బుడగ ఇరుక్కుంటే దాన్నే ఎయిర్ లాక్ అంటారు. అక్కడ నీళ్ళు తిరగవు, కొత్త పంపు ఉన్నా వేడెక్కుతుంది. కారు చల్లగా ఉండగానే మూత తెరిచి, లోపల హీటర్ ఫుల్ పెట్టి, ఇంజిన్ ఐడిల్‌లో ఉంచాం. పై హోస్ మెల్లగా నొక్కుతుంటే బుడగలు వస్తాయి, లెవల్ దిగుతుంది, మళ్ళీ పోస్తాం. బుడగలు ఆగాక, నీళ్ళు మరిగే దాకా ఆగకుండా మూత పెట్టేశాం. తర్వాత ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా చూశాం. కొన్ని కార్లకి గాలి వదిలే ప్రత్యేక స్క్రూ ఉంటుంది. మర్నాడు పొద్దున ఇంజిన్ చల్లగా ఉండగా లెవల్ మళ్ళీ చూస్తే గ్లాసుడు తగ్గింది, పోశాం. ఇవాళ తగ్గలేదు. కింద అట్ట పరిచి పెట్టా, ఒక్క చుక్క లేదు.

బాబాయికి అయిన ఖర్చు పంపు, బెల్టు, టెన్షనర్, వాల్వు, మూత, కూలెంట్, మేస్త్రి కూలి అన్నీ కలిపి 6,800. అదే జబ్బుకి నాకు 23,000. తేడా అంతా ఆ తడి చూసిన రోజున ఏం చేశామన్నదే.

మీరు మెకానిక్ దగ్గరే చేయిస్తారా? మంచిదే. కానీ ఇవి అడగండి. పాత పార్టులు నా చేతికిస్తారా? బెల్టు, టెన్షనర్ కూడా మారుస్తున్నారా? ఏ నీళ్ళు, ఏ కూలెంట్ పోస్తున్నారు? గాలి తీశారా? ఈ నాలుగూ అడిగితే పని సగం దానంతట అదే శ్రద్ధగా జరుగుతుంది.

రోడ్డు మీద సూది లేస్తే మాత్రం, ఏసీ ఆపండి. పక్కకి తీసి హజార్డ్ లైట్లు వేసి ఇంజిన్ ఆపండి. ఆగడానికి చోటు దొరికే లోపు హీటర్ ఫుల్ పెడితే కొంత వేడి లాగుతుంది, అంతే, అది మందు కాదు. కనీసం ముప్పావు గంట మూత జోలికి వెళ్ళకండి. "ఇంకో 20 కిలోమీటర్లే" అనుకోకండి. ఆ 20 కిలోమీటర్ల ధర నాకు తెలుసు.

నిన్న అమ్మమ్మకి ఫోన్ చేసి బాబాయి కారు సంగతి చెప్పా. "అయితే ఈసారి నా మాట విన్నావన్నమాట" అంది. వచ్చే నెల మళ్ళీ నందిగామ వెళ్తున్నాం, ఆ పెళ్ళికూతురి సీమంతానికి. ఈసారి ముందురోజే బయల్దేరుతున్నాం. పాటలు మాత్రం ఆపేసి.

ఈ రాత్రి మీ కారు కింద ఒక పాత అట్టముక్క పరచండి. పొద్దున లేచి చూడండి. ఏదైనా తడి ఉంటే దాని రంగు, అది ఏ టైరు పక్కన ఉందో కామెంట్‌లో రాయండి, మాట్లాడుకుందాం. ఉంటా మరి.